ట్రాన్స్‌మిటర్ ఎప్పుడూ కష్టం కాదు: మద్రాసు రేడియో క్లబ్ నుంచి మన జావాస్క్రిప్ట్ సర్వర్ దాకా

ఈరోజు ఎపిసోడ్‌లో జావాస్క్రిప్ట్‌తో ఒక చిన్న ఇంటర్నెట్ రేడియో సర్వర్ ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. కోడ్ మొత్తం కలిపినా వంద లైన్లు దాటదు. అరగంట సేపు ఆ వంద లైన్లే చదివితే మీకూ బోరు, నాకూ బోరు. కాబట్టి ముందు ఒక ప్రశ్న పెట్టుకుందాం. రేడియో నడపడం ఇంత సులువైతే, మన తిరుపతి, చిత్తూరు వైపు ఇన్నేళ్లూ ఊరికొక రేడియో ఎందుకు లేదు?

నా జవాబు ముందే చెప్పేస్తాను. ట్రాన్స్‌మిటర్ కట్టడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. 1924లో కాలేదు, 1935లో కాలేదు, ఇప్పుడూ కాదు. అడ్డం పడినవి వేరే మూడు. ఒకటి, మాట్లాడడానికి పర్మిషన్. రెండు, వినేవాళ్ల చేతిలో వినే సాధనం. మూడు, నెలనెలా ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నది. ఇంటర్నెట్ వచ్చి మొదటిదాన్ని దాదాపు తీసేసింది. రెండోదాన్ని ఫోన్ తీసేసింది. మూడోది మాత్రం వేషం మార్చుకుని మళ్లీ వచ్చింది. ఈ మూడింటినీ పట్టుకుని చరిత్రలోకి పోదాం. కోడ్ దాని చోటులో అదే వస్తుంది.

మద్రాసు, 40 వాట్లు

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనం మద్రాసులో భాగమే. అందుకే మన రేడియో కథ కూడా మద్రాసులోనే మొదలవుతుంది. 1924 మే 16న అక్కడ మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ అని ఒకటి పెట్టారు. సి.వి. కృష్ణస్వామి చెట్టి దాని వెనకాల ఉన్న మనిషి. అదే ఏడాది జులై 31న ప్రసారాలు మొదలయ్యాయి. ట్రాన్స్‌మిటర్ పవర్ ఎంతో తెలుసా? 40 వాట్లు. మన ఇళ్లలో నిన్నమొన్నటి దాకా వెలిగిన పాత ట్యూబ్‌లైటు ఎంత కరెంటు తినేదో అంతే. తర్వాత 200 వాట్లది పెట్టుకున్నారు.

ఇది సర్కారు పని కాదు, గమనించండి. ఆసక్తి ఉన్న కొందరు కలిసి నడిపిన క్లబ్. మూడేళ్లు నడిచింది. 1927లో డబ్బుల్లేక మూతపడింది. మిషన్ చెడిపోయి ఆగలేదు, ఖర్చు భరించలేక ఆగింది. ఆ ట్రాన్స్‌మిటర్‌ని మద్రాస్ కార్పొరేషన్‌కి ఇచ్చేశారు. కార్పొరేషన్ 1930 ఏప్రిల్ 1 నుంచి సొంతంగా ప్రసారాలు నడిపింది. అప్పట్లో ఇంట్లో రేడియో సెట్టు అంటే డబ్బున్నోళ్ల ముచ్చట. అందుకని మెరీనా బీచ్‌లో, పార్కుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టి జనానికి వినిపించారు. అంటే మన మూడు అడ్డంకుల్లో రెండోదానికి, వినే సాధనం లేకపోవడానికి, వాళ్లు కనుక్కున్న ఉపాయం అది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలైంది. తెలుగు కార్యక్రమాలు కూడా అక్కణ్ణించే వచ్చేవి.

అదే కాలంలో పెద్ద ఎత్తున చేసినవాళ్ల గతి ఏమైందో కూడా చూద్దాం. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1927 జులైలో బొంబాయిలో, ఆగస్టులో కలకత్తాలో స్టేషన్లు తెరిచింది. రేడియో సెట్టు పెట్టుకున్నవాళ్లు ఏడాదికి 10 రూపాయలు లైసెన్సు కట్టాలి, అందులో వాటా కంపెనీకి రావాలి. లెక్క కాగితం మీద బాగానే ఉంది. సెట్లు కొన్నవాళ్లు తక్కువ, కొన్నవాళ్లలో లైసెన్సు కట్టనివాళ్లు ఎక్కువ. 1930 మార్చికల్లా కంపెనీ దివాలా తీసింది.

ఇక్కడ ఒక పాయింటు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది. గాలిలో పంపే రేడియోకి, పదిమంది విన్నా పది లక్షలమంది విన్నా పంపేవాడికి ఖర్చు ఒకటే. తరంగం ఎంతమంది పట్టుకున్నారో ట్రాన్స్‌మిటర్‌కి తెలియదు.

మైసూరు ప్రొఫెసర్ ఇంట్లో రేడియో

మదనపల్లె, పలమనేరు, కుప్పం వాళ్లకి మద్రాసు కన్నా మైసూరు సీమ దగ్గర. అక్కడ 1935 సెప్టెంబరు 10న ఇంకో కథ మొదలైంది. మహారాజా కాలేజీలో సైకాలజీ ప్రొఫెసర్ ఎం.వి. గోపాలస్వామి తన ఇంట్లోనే ఒక రేడియో స్టేషన్ పెట్టాడు. ట్రాన్స్‌మిటర్ 30 వాట్లు. మద్రాసు క్లబ్‌ది మొదట్లో 40 అయితే, ఇది ఇంకా చిన్నది. ఆ స్టేషన్‌కి పెట్టుకున్న పేరే ఆకాశవాణి. 1940ల మొదట్లో మైసూరు సంస్థానం దాన్ని తీసుకుంది. ఆ పేరు తర్వాత దేశమంతటికీ వచ్చేసింది. ఇప్పుడు మనం ఆకాశవాణి అంటే ఢిల్లీ గుర్తొస్తుంది గానీ, పేరు పుట్టింది ఒక మేష్టారి ఇంట్లో.

పవర్ సంగతి వచ్చింది కాబట్టి పక్కనే ఉన్న విచిత్రం ఒకటి చెప్పాలి. మన పాకాల దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టి రాడార్‌లో 1,024 యాంటెన్నాలు ఉన్నాయి. అది 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, పీక్ పవర్ 2.5 మెగావాట్లు. అంత పవర్ ఆకాశంలోకి పంపించి, పైన గాలి ఎట్లా కదులుతోందో ఆ ప్రతిధ్వని బట్టి వింటారు. ఒక్క మనిషితో కూడా మాట్లాడదు అది. ఆ మైసూరు మేష్టారు 30 వాట్లతో ఊరితో మాట్లాడాడు. అంటే రేడియోకి కావాల్సింది పవర్ కాదు, చెప్పే మాట, వినే మనిషి.

వినడానికి కూడా లైసెన్సే

స్వాతంత్ర్యం తర్వాత 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. రాయలసీమకి 1963లో కడప కేంద్రం వచ్చింది. తిరుపతిలో కూడా ఇప్పుడు ఆకాశవాణి కేంద్రం ఉంది. కానీ చట్టం మాత్రం బ్రిటిషు వాళ్లదే కొనసాగింది. 1885 టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం ప్రసారం చేసే హక్కు సర్కారుది. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం రేడియో సెట్టు ఇంట్లో ఉంచుకోవడానికి కూడా లైసెన్సు కావాలి. మీ తాతను అడగండి, పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి రేడియో లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకున్న సంగతి చెబుతాడు. 1980ల మధ్యకి గానీ అది పోలేదు.

గాలికి మాత్రం సరిహద్దులు తెలియవు. 1952లో అప్పటి సమాచార మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆలిండియా రేడియోలో సినిమా పాటలు ఆగిపోయాయి. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. సముద్రం అవతల నుంచి తెలుగు పాటలు వినిపించేవి. 1957 అక్టోబరులో వివిధ భారతి పెట్టడానికి ఆ పోటీ కూడా ఒక కారణం. పర్మిషన్ ఇచ్చేవాడు ఒకడే అయినప్పుడు, వినేవాడు పక్క దేశానికి పోతాడు. ఇంటర్నెట్ రాకముందే ఈ పాఠం మనకు అందింది.

1995: ఒకే ఏడాదిలో నాలుగు

ఇక్కడ నాకు శానా ఇష్టమైన యాదృచ్ఛికం ఒకటి ఉంది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో తీర్పు ఇచ్చింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు గుత్త సొత్తు కాదు అని చెప్పింది. ఏప్రిల్‌లో రియల్ ఆడియో వచ్చింది. ఫైల్ మొత్తం దిగేదాకా ఆగకుండా, వస్తుండగానే వినడం మామూలు మోడెమ్ మీద కూడా సాధ్యమైంది. మే నెలలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక భాష రాశాడు, అదే తర్వాత జావాస్క్రిప్ట్ అయింది. ఆగస్టు 15న విఎస్ఎన్ఎల్ మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ తెరిచింది. ఒకటి మాట్లాడే హక్కు, ఒకటి పంపే పద్ధతి, ఒకటి రాసే భాష, ఒకటి పోయే దారి. నాలుగూ ఒకే ఏడాదిలో.

కానీ హక్కు ఉందని కోర్టు చెప్పడానికి, లైసెన్సు చేతికి రావడానికి మధ్య ఎంత దూరమో చూడండి. మన రాయలసీమలోనే, కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో మన రేడియో అని ఒక చిన్న స్టేషన్ పెట్టుకున్నారు. పవర్ చాలా తక్కువ, ఊరి చుట్టుపక్కల వినిపించేంత. లైసెన్సు లేదని కొద్ది నెలలకే మూయించారు.

అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ దగ్గర ఇంకో ప్రయత్నం జరిగింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు 1990ల చివర్లోనే స్టూడియో కట్టుకున్నారు. విత్తనాల గురించి, పంటల గురించి, పాటలు, కథలు తమ యాసలోనే రికార్డు చేశారు. ప్రసారానికి పర్మిషన్ లేదు. ఏళ్ల తరబడి ఆ క్యాసెట్లను సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డర్‌లో వేసుకుని విన్నారు. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో ఇవ్వొచ్చని 2006 నవంబరులో పాలసీ మారాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఎవరో తెలుసా? 1995 తీర్పు ఇచ్చిన జడ్జీల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్. తీర్పుకీ ఆ రోజుకీ మధ్య 13 ఏళ్లు గడిచాయి. మిషన్ ఉంది, మాట ఉంది, మనుషులు ఉన్నారు. లేనిది కాగితం ఒక్కటే.

లైసెన్సు వచ్చాక కూడా హద్దులున్నాయి. కమ్యూనిటీ రేడియో పవర్ మామూలుగా 100 వాట్లు దాటకూడదు, సొంతంగా వార్తలు చదవకూడదు. ఇప్పుడు మన సర్వర్ దగ్గరికి వద్దాం. గాలి తరంగం వాడదు కాబట్టి ఈ ఫ్రీక్వెన్సీ లైసెన్సు దానికి అక్కర్లేదు.

సర్వర్ గుండెకాయ: గడియారం

ఇంటర్నెట్ రేడియోకి పునాది 1998, 1999 మధ్య పడింది. నల్‌సాఫ్ట్ అనే చిన్న కంపెనీ షౌట్‌క్యాస్ట్ తెచ్చింది. దానికి ఓపెన్ సోర్స్ జవాబుగా ఐస్‌క్యాస్ట్ వచ్చింది. రెండూ హెచ్‌టిటిపి మీదే ఎంపీ3 పంపిస్తాయి. 2009 నవంబరులో బెర్లిన్‌లో ర్యాన్ డాల్ నోడ్ జెఎస్ చూపించాక, బ్రౌజర్‌లో ఉండే జావాస్క్రిప్ట్ సర్వర్‌లోకి వచ్చింది. రేడియోకి అది బాగా సరిపోతుంది. ఎందుకంటే రేడియో సర్వర్ లెక్కలు చేసే పని తక్కువ, వందలమందికి కనెక్షన్లు తెరిచిపెట్టుకుని కొంచెం కొంచెం పోస్తూ ఉండే పని ఎక్కువ. నోడ్ సరిగ్గా దానికోసమే పుట్టింది. ఒకే థ్రెడ్, ఒక ఈవెంట్ లూప్, అందరికీ అదే వడ్డిస్తుంది.

మొదటి సంగతి. ఎంపీ3 ఫైల్ తెరిచి రెస్పాన్స్‌కి పైప్ చేస్తే రేడియో అవుతుందా? అవదు. నెట్ ఎంత స్పీడు ఉంటే అంత స్పీడుగా ఫైల్ మొత్తం పోతుంది. అది డౌన్‌లోడ్. రేడియోలో ముఖ్యమైన మాట "ఇప్పుడు". ఎనిమిది గంటల పది నిమిషాలకు ఎవరు కలిసినా, అందరూ దాదాపు అదే క్షణం వినాలి. కాబట్టి సర్వర్‌కి ఒక గడియారం కావాలి. 128 కెబిపిఎస్ ఎంపీ3 అంటే సెకనుకి సరిగ్గా 16,000 బైట్లు. ప్రతి 250 మిల్లీసెకన్లకు 4,000 బైట్లు పంపితే చాలు కదా అనిపిస్తుంది. కానీ జావాస్క్రిప్ట్ టైమర్ ఇచ్చే మాట "అంతకన్నా ముందు పిలవను" అని మాత్రమే, "సరిగ్గా అప్పుడే పిలుస్తా" అని కాదు. ప్రతిసారీ ఒకటో రెండో మిల్లీసెకన్లు ఆలస్యం అయితే, గంటల మీద అది పేరుకుని, వినేవాడి బఫర్ ఎండిపోయి పాట ఆగుతుంది. మందు సులువు. టైమర్ పిలిచిన ప్రతిసారీ అసలు గడియారం చూడండి. మొదలై ఎన్ని సెకన్లయిందో దాన్ని 16,000తో గుణించి, ఇప్పటిదాకా పంపింది తీసేయండి. మిగిలింది పంపండి. ఆలస్యం దానంతట అదే సర్దుకుంటుంది.

రెండో సంగతి, హాజరుపట్టీ. ఎవరైనా కనెక్ట్ అయితే వాళ్ల రెస్పాన్స్ ఆబ్జెక్ట్‌ని ఒక సెట్‌లో వేసుకోవాలి. ఎంపీ3 వస్తోందని హెడర్ రాయాలి. రెస్పాన్స్‌ని ముగించకూడదు, అంతే. గడియారం కొట్టినప్పుడల్లా ఆ ముక్కని సెట్‌లో ఉన్న అందరికీ రాయాలి. ఎవరైనా వెళ్లిపోతే సెట్‌లోంచి తీసేయాలి. రేడియో సర్వర్ అంటే నిజంగా ఇంతే.

మూడోది. మధ్యలో వచ్చినవాడికి పాట ఎట్లా అర్థమవుతుంది? ఎంపీ3 చిన్న చిన్న ఫ్రేములుగా ఉంటుంది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫ్రేము దాదాపు 26 మిల్లీసెకన్లు. ప్రతి ఫ్రేము మొదట్లో వరసగా 11 ఒకట్ల గుర్తు ఉంటుంది. ప్లేయర్ ఆ గుర్తు దొరికేదాకా వెతికి, అక్కణ్ణించి అందుకుంటుంది. కదిలే పల్లెవెలుగు బస్సు ఎక్కినట్టే, పక్క స్టాపులో ఎక్కొచ్చు. అన్ని ఫైళ్లూ ఒకే బిట్‌రేట్, ఒకే శాంపుల్ రేట్‌లో ఉండాలి. ముందే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో మార్చిపెట్టుకోండి.

నాలుగోది, మొదటి గుక్క. కొత్తగా వచ్చినవాడికి సెకనుకి సెకను ఆడియో మాత్రమే ఇస్తే, వాళ్ల ప్లేయర్ బఫర్ నిండేదాకా మౌనం వినిపిస్తుంది. ఐస్‌క్యాస్ట్ మామూలుగా మొదట 64 కిలోబైట్లు ఒకేసారి పోసేస్తుంది. 128 దగ్గర అది దాదాపు నాలుగు సెకన్లు. మనం కూడా చివరి 64 కిలోబైట్లు ఎప్పుడూ జేబులో పెట్టుకుని, వచ్చినవాడికి ముందు అది ఇచ్చి తర్వాత వరసలో కలుపుతాం.

ఐదోది, మందకొడి శ్రోత. ఘాట్ రోడ్డు మీద బస్సులో పోతూ సిగ్నల్ పోయినవాడికి మనం రాస్తూనే ఉంటే, ఆ డేటా సర్వర్ మెమరీలో పేరుకుంటుంది. రైట్ చేసినప్పుడు నోడ్ ఫాల్స్ అని తిరిగి ఇస్తే, అవతల వాగు నిండింది అని అర్థం. కొంచెంసేపు చూసి, తేరుకోకపోతే కనెక్షన్ కట్ చేసేయాలి. ప్లేయర్ మళ్లీ కలుపుకుంటుంది. దయ తలిచి ఉంచితే ఒక్కడి వల్ల అందరికీ రేడియో ఆగుతుంది.

తెలుగు పేరు పెడితే పాట ఎందుకు చెడుతుంది

ఆరోది మన భాషకే సంబంధించింది. ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో దీన్ని తరచూ వదిలేస్తారు. ప్లేయర్‌లో పాట పేరు కనపడాలంటే షౌట్‌క్యాస్ట్ కాలం నాటి పద్ధతి ఒకటి ఉంది. ఇన్ని బైట్ల ఆడియో తర్వాత ఒక పేరు చీటీ వస్తుంది అని హెడర్‌లో చెబుతాం. చీటీ ముందు ఒకే ఒక బైటు ఉంటుంది. చీటీలో ఎన్ని 16 బైట్ల గళ్లు ఉన్నాయో అది చెబుతుంది. పేరు గళ్లకు సరిపోకపోతే మిగతాది సున్నాలతో నింపుతాం.

ఇంగ్లీషు పేరుకి జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగ్ పొడవు తీసుకుంటే లెక్క కుదురుతుంది, ఒక అక్షరం ఒక బైటు కాబట్టి. తెలుగుకి కుదరదు. యుటిఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు. "తిరుపతి" అన్న పేరు చూడండి. జావాస్క్రిప్ట్ దాని పొడవు 7 అంటుంది. నిజానికి అది 21 బైట్లు. చీటీలో పేరు చుట్టూ ఉండే తప్పనిసరి మాటలకు ఇంకో 15 బైట్లు. మొత్తం 36, అంటే మూడు గళ్లు కావాలి. పొడవు 7 అనుకుంటే 22 లెక్కకొచ్చి రెండు గళ్లు, అంటే 32 బైట్లే అని రాస్తాం. మిగిలిన నాలుగు బైట్లను ప్లేయర్ పాట అనుకుని వాయిస్తుంది, టక్ అని వినపడుతుంది. అంతటితో పోదు. అక్కణ్ణించి ప్లేయర్ లెక్క నాలుగు బైట్లు తప్పిపోయి, తర్వాతి చీటీని తప్పు చోట వెతుకుతుంది, ఇక అంతా గోల. కాబట్టి పొడవుని బఫర్ బైట్‌లెంగ్త్‌తోనే కొలవండి. ఈ పద్ధతులు రాసినవాళ్ల మనసులో మన లిపి లేదు. వాళ్ల తప్పని కాదు, మనం వాడితేనే ఇట్లాంటివి బయటపడతాయి.

బిల్లు వేషం మార్చింది

ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింటుకి వద్దాం. గాలిలో ప్రసారానికి శ్రోత పెరిగినా ఖర్చు పెరగదు. ఇంటర్నెట్‌లో మనం ప్రతి శ్రోతకీ విడిగా ఒక కాపీ పంపుతున్నాం. 128 కెబిపిఎస్ దగ్గర ఒక మనిషి ఒక గంట వింటే 57.6 ఎంబి. వందమంది ఒకేసారి వింటే సర్వర్ నుంచి 12.8 ఎంబిపిఎస్ పోతూ ఉండాలి. అంటే 1924లో క్లబ్‌కి జనం తక్కువై కష్టం వస్తే, మనకి జనం ఎక్కువైతే కష్టం వస్తుంది. ఇంటర్నెట్ రేడియోకి సహజమైన సైజు చిన్నదే.

దీన్ని మన ఊళ్లకి అన్వయించి చూద్దాం. చిత్తూరు వైపు పుట్టినవాళ్లకి భారతం అంటే చెప్పక్కర్లేదు. ద్రౌపది, ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎక్కువగా 18 రోజులు జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జున తపస్సు రోజు నటుడు ఎత్తయిన మాను ఎక్కుతాడు. చివర్లో మట్టితో చేసిన దుర్యోధనుడి వధ, నిప్పుల గుండం. చెట్లకి కట్టిన మైకుసెట్టు గొట్టాల్లోంచి పద్యం ఊరి పొలిమేర దాకా వినిపిస్తుంది. అదే మన ఊరి రేడియో, దాని రేంజి పొలిమేర. కానీ ఆ ఊరి పిల్లలు బెంగళూరులో, చెన్నైలో, కువైట్‌లో ఉన్నారు.

లెక్క వేయండి. మాట, పద్యం, మద్దెల, హార్మోనియం వినడానికి 64 కెబిపిఎస్ మోనో సరిపోతుంది. గంటకి 28.8 ఎంబి. రాత్రికి ఆరు గంటలు, 200 మంది శ్రోతలు, 18 రాత్రులు. మొత్తం దాదాపు 622 జీబీ. ఒక మామూలు చిన్న క్లౌడ్ సర్వర్ మోయగలిగిన లెక్కే ఇది. గుడి దగ్గర నుంచి పోవాల్సింది మాత్రం ఒకే ఒక్క కాపీ, 64 కెబిపిఎస్. మైకుసెట్టు మిక్సర్ లైన్ అవుట్‌ని ఒక ల్యాప్‌టాప్‌కి కలిపి, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో పాస్‌వర్డ్ పెట్టి మన సర్వర్‌కి పంపితే, అంతంతమాత్రం 4జి కూడా చాలు. కాపీలు తీసే పని సర్వర్‌ది. అదే 20 వేలమంది వింటామంటే 62 టీబీ అవుతుంది. అప్పుడు ఈ వంద లైన్ల కోడ్ చాలదు, సీడీఎన్‌లు, హెచ్ఎల్ఎస్ కావాలి.

సినిమా పాటలు ఎందుకు వద్దు

చివరగా చట్టం. ఫ్రీక్వెన్సీ లైసెన్సు అక్కర్లేదన్నాను గానీ, కాపీరైట్ పోలేదు. ఎఫ్ఎం రేడియోలు కాపీరైట్ చట్టం 31డి సెక్షన్ కింద, నిర్ణయించిన రేటు కట్టి పాటలు వేసుకునే వీలుంది. ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌కి ఆ సెక్షన్ వర్తించదని 2019 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు టిప్స్, వింక్ కేసులో చెప్పింది. 2022లో డివిజన్ బెంచి కూడా దాన్నే సమర్థించింది. అంటే మీ చిన్న ఇంటర్నెట్ రేడియోలో సినిమా పాటలు వేయాలంటే హక్కుదారులతో నేరుగా మాట్లాడుకోవాలి. అది చిన్నవాళ్ల వల్ల అయ్యే పని కాదు.

తిక్కన పద్యానికి మాత్రం ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. కానీ దాన్ని పాడే హరిదాసుకి, నాటకం ఆడే కళాకారులకి ప్రదర్శకుల హక్కు అని చట్టంలోనే ఒకటి ఉంది. వాళ్లని అడగండి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి, వీలైతే శ్రోతల నుంచి వచ్చిన చందాలో వాటా ఇవ్వండి. చట్టం కోసమే కాదు, న్యాయం కూడా అదే. రాత్రంతా గొంతు చించుకున్న మనిషికి చెప్పకుండా ఆ గొంతుని కువైట్‌కి పంపడం మర్యాద కాదు. స్ట్రీమ్‌తో పాటే రికార్డింగ్ కూడా దాచిపెట్టండి. ఈ భాగవతుల్లో పెద్దవాళ్లు వెళ్లిపోతే ఆ పద్యాల బాణీలు వాళ్లతోనే పోతాయి.

కాబట్టి నా సలహా ఇది. సర్వర్ ఈ వారమే కట్టేయొచ్చు, ఒక సాయంత్రం పని. భారతం ఎక్కువగా వేసవిలో జరుగుతుంది. దానికి చాలా ముందే మీ ఊరి గుడి పెద్దల దగ్గరికి, మైకుసెట్టు ఆయన దగ్గరికి, ఆడేవాళ్ల దగ్గరికి పోయి కూర్చుని మాట్లాడండి. మద్రాసు క్లబ్‌కి డబ్బులు దొరకలేదు, ఓర్వకల్లు ఆడవాళ్లకి కాగితం దొరకలేదు. మనకు అడ్డం ఉన్నది ఆ మాట్లాడడం ఒక్కటే. అది కూడా మన యాసలోనే అయిపోతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే సర్వర్‌కి లైవ్ మైకు కలిపే భాగం పూర్తిగా రాద్దాం. అందాకా సెలవు, ఉంటాను.